అక్క వీపు, నా సూది

తుమ్మొస్తే ఇప్పటికీ గోడ పట్టుకుంటాను. గోడ లేకపోతే పక్కన ఎవురుంటే వాళ్ళను పట్టుకుంటాను. మొన్న కూరగాయల అంగడిలో ఎవురో పెద్దాయన భుజం పట్టుకున్నా. ఆయన బిత్తరపోయి, "ఏం తల్లీ, కళ్ళు తిరగతా ఉండాయా?" అన్నాడు. "లేదప్పా, తుమ్మొచ్చె" అంటి. తిక్కదాన్ని చూసినట్టు చూసి పక్కకు జరిగి పోయినాడు. ఆయన్ననేది ఏముండాది, తుమ్ముకు భయపడే మనిషిని యాడా చూసుండడు.

నేను తుమ్ముకే కాదు, ఈ యేడాదంతా దగ్గుకు భయపడినాను. బస్సు గుంతలో పడి ఎగిరితే భయపడినాను. నీళ్ళ బిందెకు, అన్నం గిన్నెకు, కింద పడిన చెంచాకు భయపడినాను. ఇప్పుడు ఆ భయం రవ్వంత సర్దుకునింది, అందుకే కూర్చోని రాస్తా ఉండా. రాస్తే గుండెదడ ఇంకొంచెం తగ్గుతుందని ఒక ఆశ. నామాదిరి ఎముకల మందు వాడతా, మానేదా మార్చేదా అని కొట్టుమిట్టాడే ఆడోళ్ళు ఈ చుట్టుపక్కల ఊర్లలో శానామంది ఉండారు, వాళ్ళలో ఒకామె అయినా చదివితే ఒంటరిది కాదని తెలుసుకుంటుందని ఇంకొక ఆశ.

నా పేరు సరోజ. చిత్తూరులో కొడుకు మురళి, కోడలు హేమ దగ్గర ఉంటాను. ఉన్న వయసంతా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరయినాను. మా కమలక్క నాకన్నా నాలుగేండ్లు పెద్ద. తిరుపతి పాతూర్లో కూతురు వసంత ఇంట్లో ఉంటాది. అక్కకూ నాకూ ఒకటే జబ్బు, ఎముకలు గుల్లబారేది. ఇద్దరికీ ఒకటే డాక్టరు, మా చిత్తూర్లోనే. ఆర్నెల్లకొకసారి చర్మం కింద ఒక సూది. అక్కేమో ముందురోజే బస్సెక్కి మా ఇంటికొచ్చేస్తాది. తెల్లారి ఇద్దరం మంచి చీరలు కట్టుకోని పోయి సూదేపించుకోని, హోటల్లో మసాలా దోసె తిని, తిన్నంతసేపూ కోడళ్ళను, కూతుర్లను ఆడిపోసుకోని ఇంటికొస్తాము. సూది రోజంటే మా ఇద్దరికీ తిరునాళ్ళ మాదిరి.

పోయినేడు ఆ సూది తేదీ గంగమ్మ జాతరలో పడింది.

తిరుపతి పాతూరోళ్ళకు ఒక కట్టుబాటుండాది. జాతరకు చాటింపు వేసినాక, జాతర ముగిసేదాకా ఊర్లో వాళ్ళు పొలిమేర దాటకూడదు. ఈ కాలంలో ఎంతమంది పాటిస్తారో ఏమో గానీ మా అక్క పాటిస్తాది. "మే సరోజా, చాటింపు అయిపాయె. నేను రాను. జాతర అయినాక ఏపిచ్చుకుంటాలే, సూది యాడికి పోతాది?" అని ఫోన్లో చెప్పింది. నేనొక్కదాన్నే పోయి వేపించుకుని, దోసె కూడా తినకుండా వచ్చినా.

జాతర అయింది. ఆ వెనక మనవరాలి కాలేజీ సీటు కోసం తిరగడం, ఆ వెనక వసంతకు జొరం. మధ్యలో ఒకసారి నేను గుర్తు చేస్తే, "నొప్పే లేదు మే, నడుము బంగారంగా ఉండాది. నొప్పి లేనిదానికి మందెందుకు?" అన్నాది. నాకూ నిజమే కదా అనిపించింది. ఈ జబ్బు నొప్పితో కబురు పంపదని మా ఇద్దరికీ తెలీదు. సూది ఆలస్యమైతే ఏమవుతుందో అడగాలని కూడా మాకు తట్టలేదు.

దసరా రోజుల్లో వసంత ఏడస్తా ఫోన్ చేసింది. అక్క అన్నం గంజి వంచతా ఉన్నిందంట. కాలు జారలేదు, పడలేదు, ఎవురూ తగల్లేదు. వీపులో ఏదో పుల్ల విరిగినట్టయి గిన్నె వదిలేసి కూలబడిపోయిందంట. ఆస్పత్రిలో చూస్తే వెన్నులో మూడెముకలు కుంగినాయి.

అదే పూట మురళిని తోడు తీసుకోని బస్సెక్కి పోయినా. అక్క మంచంలో ఒక పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకోని పడుకోనుండాది. రవిక మార్చాలని వసంత, నేను పట్టుకున్నాము. అక్క పెండ్లి రవిక మొదలు ఆమె రవికలన్నీ కుట్టింది నేనే. ఆ వీపు పొడవు, ఆ భుజాల వాలు నా చేతులకు అలవాటు. ఆ రోజు రవిక ముందరపక్క వదులయి వేలాడతా ఉండాది, వెనకపక్క పైకి ఎగిరిపోయి నడుం మీద చర్మం కనపడతా ఉండాది. నా అక్క రవికలో నా అక్క వీపు లేదు. బయటికొచ్చి పంపు దగ్గర నిలబడి ఏడ్చినా. ఏడుపు ఎగదన్నుకోని వస్తే, ఇంత గట్టిగా ఏడిస్తే నా ఎముకలు కూడా విరగతాయేమో అని భయమేసి ఆపేసినా.

కార్తీకంలో నా సూదికి ఒక్కదాన్నే పోయినా. ఆస్పత్రిలో ఆ ఇనప బెంచీల మీద కూర్చోవాలంటేనే వణుకు. వచ్చే ప్రతి ఆడామె వీపు చూస్తా ఉండా. ఈమెది నిటారు, ఈమెది కొంచెం వంపు, ఈమెకు మొదలయింది. చూడకూడదనుకుంటాను, కళ్ళు అట్లే పోతాయి. పలమనేరు నుంచి వచ్చినామె ఒకామె, పాడి ఆవులున్న ఇంటామె అంట, తన కంబళి నాలుగు మడతలేసి బెంచీ మీద పరుచుకోనుండాది. నేను కూర్చోలేక లేస్తా, లేవలేక కూర్చుంటా ఉంటే చూసి, కంబళి విప్పి సగం నా పక్కకు పరిచి, "కూసో అక్కా, ఇనుము సల్లగుంటే నడుముకు మంచిది కాదు" అన్నాది. పేరు కూడా అడగలేదు ఆ తల్లిని. లోపలికి పిలిచినాక లేవడానికి మోచెయ్యి అందించింది.

డాక్టరుకు అక్క సంగతి చెప్పినా. ఆయన తల పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ మందు ఎముకను తినేసే కణాలను నిద్రపుచ్చుతుంది. అంతే, చంపదు. సూది టైముకి పడకపోతే అవన్నీ ఒక్కసారిగా నిద్ర లేస్తాయి. ఆకలితో లేస్తాయి. అందుకే దీన్ని ఉన్నపళంగా మానకూడదు. మానాలంటే ఇంకో మందుకు మార్చి మానాలి."

"మా అక్కకు ఈ మాట ఎవురూ చెప్పలేదే సార్."

"ఆలస్యం చేయొద్దని చెప్పుంటాను, ఎందుకో చెప్పలేదేమో" అన్నాడు. ఆ మాట మెల్లగా అన్నాడు. అక్కకు మళ్ళీ సూది మొదలుపెట్టించినాడు గానీ, కుంగిన ఎముక లేవదని కూడా చెప్పినాడు.

ఆకలితో లేస్తాయి అన్నాడే, ఆ మాట నన్ను వదిలితే ఒట్టు. మధ్యాన్నం అన్నం తిని నడుము వాలిస్తే వీపులో ఏదో కదిలినట్టుంటుంది. పాత ఇంట్లో వాకిలి గడపకు చెదలు పడితే, చెవి ఆనిస్తే గరగరమని వినపడేది. అట్ల నా వీపులో వినపడతా ఉన్నట్టు ఉండేది. లేసి అద్దం ముందర పక్కకు తిరిగి నిలబడి చూసుకుంటాను. కోడలు చూస్తే పమిట సర్దుకుంటున్నట్టు నటిస్తాను.

దసరా తర్వాత అక్కను చూడ్డానికి పోలా. బస్సు కుదుపులు మంచివి కాదని చెప్పినా అందరికీ. కుదుపులు ఒక సాకు. ఆ వీపును ఇంకొకసారి చూసే ధైర్యం లేదు నాకు. ఫోన్లో మాట్లాడితే అక్క గొంతు పాత గొంతే, అదే ఎకసెక్కం. గొంతు విన్నంతసేపూ అక్క బాగున్నట్టే ఉంటుంది.

మాఘంలో నా కింద దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. లవంగం పెట్టుకున్నా, ఉప్పునీళ్ళు పుక్కిలించినా. చెంప వాచి కజ్జికాయ మాదిరి అయినాక హేమ నన్ను లాక్కోని పోయింది. పండ్ల డాక్టరు చిన్న పిల్ల, చురుకైన పిల్ల. పన్ను పీకాల్సిందే అన్నాది. ఏమేం మందులు వాడతారు అని అడిగితే సూది సంగతి చెప్పినా. చేతిలో ఉండే పనిముట్టు పక్కన పెట్టేసింది.

"ఆ సూది మీదుంటే నేను పీకను ఆంటీ. కొంతమందికి దవడ ఎముక మానకుండా పుండై కూర్చుంటుంది. ఆ సూది ఆపేసి, కొన్ని నెలలు పోయినాక రండి."

ఆపేసి. ఆ పిల్ల ఆ మాటను ఎంత తేలిగ్గా అనేసింది! నాకు కుర్చీలోనే చెమటలు పోసినాయి.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా విషయంలో అక్షరాలా జరుగుతా ఉండాది. సూది వేసుకుంటే దవడ పోతాది. మానితే వీపు పోతాది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంట్లో యుద్ధం మొదలయింది. మురళిది ఒకే మాట. "మానెయ్ మా. ఇన్నేండ్లు ఏసుకున్నావు, సాల్లే. దవడ కుళ్ళిపోతే అన్నం ఎట్లా తింటావు?" హేమ ఊరుకోదు. "మీ పెద్దమ్మ వీపు చూసినాక కూడా మానెయ్యమని నోరెట్లా వస్తాది నీకు?" "పెద్దమ్మకు వయసెక్కువ." "నాలుగేండ్లకే ఎక్కువ అంటావా?" వాళ్ళిద్దరూ నా ఎముకల మీద పోట్లాడుకోని మాటలు మానేసినారు. "మీ కొడుకును అన్నానికి రమ్మను అత్తా" అని ఆ పిల్ల, "ఆకలి లేదని చెప్పు మా" అని వీడు. మధ్యలో నేను రాయబారిని. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. "రేయ్, ఎముకలు నావి, పన్ను నాది. సచ్చినాక పంచుకుందురుగానీ, అందాకా ఇద్దరూ గమ్మునుండండి" అని కంచం నెట్టేసినా. ఆ మాటకు హేమ ఏడ్చింది. మురళి లేసి బయటికి పోయినాడు. నేను వాచిన చెంప పట్టుకోని కూర్చున్నా.

వాడి మీద కోపం లేదు. వాడూ నామాదిరే దసరా నాడు అక్క మంచం పక్కన నిలబడినాడు. ఆ రోజు నుంచీ సూది అనే మాట వింటేనే వాడికి పడదు, సూదే పెద్దమ్మను ముంచిందని వాడి లెక్క. అదీ ఒక విధంగా నిజమే కదా.

అక్కకు ఫోన్ చేసినా. "అక్కా, నువ్వు సెప్పు. ఏం సేసేది?"

 "నన్నడగొద్దు మే" అన్నాది అక్క. "నా తెలివిని నమ్మితే నామాదిరి అయితావు. డాక్టర్లిద్దర్నీ ఒక తావ కూసోబెట్టి అడుగు. నేను ఆ పని సెయ్యలా."

అప్పటిదాకా నేను చేస్తా ఉండిందేమంటే, పెండ్లి మధ్యవర్తి మాదిరి ఈయన మాట ఆ పిల్లకు, ఆ పిల్ల మాట ఈయనకు మోస్తా ఉండడం. మోసేటప్పుడు నా భయం కొంత కలుపుతానే ఉంటిని. ఆయన "జాగర్త" అంటే ఈడికొచ్చి "వద్దన్నాడు" అని చెప్తా ఉంటి. హేమ ఈ నాటకం ఆపింది. నన్ను పండ్ల డాక్టరు ముందర కూర్చోబెట్టి, ఎముకల డాక్టరుకు ఫోన్ కలిపి, ఆ పిల్ల చేతికిచ్చింది. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకుంటా ఉంటే నేను ఆ పిల్ల మొహమే చూస్తా ఉండా. మొదట్లో కనుబొమ్మలు ముడిచింది. పోనుపోను తలాడించింది. ఫోన్ పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది.

"సారీ ఆంటీ. ఆపేయమని నేనలా చెప్పకూడదు. ఇప్పటి సూది బలం ఇంకా ఉంది కదా, అది ఉండగానే పన్ను తీసేద్దాం. పుండు మానినాక, మళ్ళీ సూది తేదీ వచ్చేలోపల సార్ మిమ్మల్ని వేరే మందుకు మారుస్తారు."

వేరే మందంటే ఏడాదికొకసారి నరంలో ఎక్కించే మందు. వారం వారం మింగే మాత్ర కూడా ఉండాదంట గానీ, అది ముందరే ఒకసారి వాడి, కడుపులో మంటతో మానేసినదాన్ని. ఆ ఎక్కించే మందుకు కూడా దవడ గొడవ కొంచెం ఉంటుందని, అందుకే పుండు మానకుండా దాని జోలికి పోకూడదని డాక్టరు దాచకుండా చెప్పినాడు. "రెండింట్లో ఏది భయం లేనిది సార్?" అంటి. "భయం లేనిది లేదమ్మా. తక్కువ భయం ఉన్నది ఇది" అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఏం కాదులే అనుంటే నమ్మేదాన్ని కాదు.

శివరాత్రి పోయినాక పన్ను పీకినారు. ఆ రోజు మురళి నాతో వచ్చినాడు. ఎవురూ రమ్మనలేదు, వాడే బండి తీసినాడు. దావంతా గుంతలు చూసి చూసి, నడిచే మనుషులు కూడా మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా నడిపినాడు.

అసలు నరకం ఆ తర్వాత. పుండు మానాల, మానేదాకా కొత్త మందు లేదు. పాత మందు బలం రోజురోజుకీ తగ్గిపోతా ఉంటుంది. ఉగాది వచ్చింది, పుండు మూసుకోలా. వేపపూత పచ్చడి నాలుకకు రాసుకోని ఊరుకున్నా. మార్కెట్లోకి మామిడికాయల ట్రాక్టర్లు రావడం మొదలయింది, పుండు మూసుకోలా. పోయిన ప్రతిసారీ పండ్ల డాక్టరు లైటేసి చూసి, "ఇంకొంచెం ఆంటీ" అంటాది. ఆ ఇంకొంచెం అనే మాటకు నా వీపు జల్లుమంటాది. నాలుకతో ఆ గుంతను తడమకూడదని చెప్పినారు, నాలుక వింటుందా? నిద్దరపోతా ఉండే ఆ ఆకలిగొట్టు కణాలు ఒకటొకటే కళ్ళు తెరస్తా ఉన్నట్టు, పక్కదాన్ని తట్టి లేపతా ఉన్నట్టు అనిపించేది. ఇంట్లో నడిచేటప్పుడు కూడా నిండు చెంబు మోసినట్టు నన్ను నేను మోసుకోని నడిచినా. వంటింట్లో గంజి వంచే గిన్నెను హేమ యాడనో దాచిపెట్టేసింది. కుక్కర్లోనే అన్నం. నేనడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు.

ఒకరోజు తలదువ్వుకుంటా ఉంటే నడుములో చురుక్కుమంది. నిలబడిన చోటే కొయ్యబారిపోయినా. అయిపోయింది, విరిగింది, నా పనీ అక్క పనే అనుకున్నా.  హేమ వచ్చి చూసి, చేతిలోంచి దువ్వెన తీసుకుని, నన్ను గోడకు ఆనించి, ఎముకలోళ్ళ దగ్గరికి తీసుకుపోయింది. ఫోటో తీస్తే ఏమీ లేదు, కండ పట్టేసిందంట. ఆ మాట విని నవ్వాల్సింది పోయి ఆస్పత్రి వరండాలో హేమ భుజం మీద తలపెట్టి గుక్కపెట్టి ఏడ్చినా. "ఏడువు అత్తా, ఏడిస్తే ఏం విరగవులే" అన్నాది ఆ పిల్ల. నేను ఆ మాట ఎవురికీ చెప్పలేదే, ఎట్లా కనిపెట్టిందో.

సూది తేదీ ఇంక దగ్గరపడిందనగా, పండ్ల డాక్టరు పిల్ల లైటేసి చూసి, వేలితో తడిమి, "మూసుకుంది ఆంటీ!" అని చిన్నపిల్ల మాదిరి అరిచింది. బయట కూర్చోనుండేవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూసినారు.

ఆ వారమే మందు ఎక్కించినారు. ఎక్కించేటప్పుడు ఏమీ తెలీలా. మర్నాడు జొరం, ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టు నొప్పులు. ఇట్లుంటుందని ముందే చెప్పినారు, అయినా నా మనసు దారి దానిదే. ఆ నొప్పుల్లో ప్రతిదాన్నీ విడివిడిగా అడిగినా, నువ్వు జొరానివా, విరిగినదానివా అని. మూడోనాటికి తగ్గింది. మురళి రసం అన్నం కలిపి తెచ్చి పక్కన కూర్చున్నాడు. "మంచి పని సేసినావు మా" అన్నాడు. వాడు అంతకన్నా ఎక్కువ మాట్లాడడు.

ఒకటి చెప్తాను. నా వైద్యం మీకు సరిపడుతుందని కాదు, ఎవురి ఒళ్ళు వాళ్ళది. మానాలనిపిస్తే తప్పేం లేదు, ఎవురికి మాత్రం ఈ సూదులంటే ప్రేమ? కానీ అడక్కుండా మానొద్దండి. జాతరని, ఎండలని, నొప్పి లేదని వాయిదా వెయ్యొద్దండి. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తే, వాళ్ళిద్దరినీ మాట్లాడుకోమనండి. సిగ్గుపడొద్దండి.

ఆషాఢంలో గుండె చిక్కబట్టుకోని అక్క దగ్గరికి పోయినా. నేను పోయేసరికి అక్క వంటింట్లోంచి గోడ పట్టుకోని వస్తా ఉండాది. దసరా నాడు మంచంలో చూసిన మనిషి నిలబడుంటే చూడ్డం అదే మొదలు. నడుం కాడ మడత పెట్టినట్టు వంగిపోయి, మొహం నేలను చూస్తా ఉండాది. "అక్కా" అంటి. "సరోజా, వస్తివా మే!" అని నా కాళ్ళను చూస్తా నవ్వింది. తల ఎత్తాలని చూసింది, లేవలేదు.

 ఆమె మొహం చూడాలని, వాకిలి పట్టుకోని మెల్లగా ఆమె ముందర మోకాళ్ళ మీద కూర్చున్నా. ఇద్దరి మొహాలూ ఎదురుబొదురయినాయి. నవ్వతా ఉన్న అక్క మొహం పాలిపోయింది. రెండు చేతులతో నా చెంపలు పట్టుకునింది.

"నీ మొగం నాకెట్లా కనపడతా ఉండాది మే? నువ్వు కూడా వొంగిపోయినావా? నాకు సెప్పకుండా దాసినారా అందురూ?"

"లేదక్కా, లేదు. నేలన కూసున్నా."

"అబద్ధం. లెయ్. లేసి నిలబడు."

వాకిలి పట్టుకోని లేసి నిలబడినా. అక్క నన్ను వెనక్కి తిప్పి, నా నడుం మీద చెయ్యిపెట్టి, వెన్నెముక వెంబడి ఒక్కొక్క ఎముకనే తడుముకుంటా పైకి పోయింది. సగం వీపు కాడ చెయ్యి ఆగిపోయింది, ఆపైకి అందలా.

"పైన కూడా తిన్నంగానే ఉండాదా?"

"ఉండాదక్కా."

ఇటు తిప్పుకోని, మళ్ళీ తల ఎత్తాలని చూసింది. నా నడుం కాడికే ఆగిపోయినాయి ఆ కళ్ళు.

"నీ మొగం కనపళ్ళేదు మే" అన్నాది. ఆ గొంతులో సంతోషం. "అట్లే నిలబడు. ఇంకొంచేపు అట్లే నిలబడు."